నోరు జారిన నువ్వు

నువ్వుచేలు విరగపండే ఒకానొక సీమను ఉద్దండ భూపాలుడనే రాజు ఏలేవాడు. మనిషి చెడ్డవాడు కాదు. కానీ తన నోటి నుంచి వచ్చిన ప్రతి మాటా శాసనమేనని ఆయన నమ్మకం. దాన్ని వెనక్కి తీసుకోవడమంటే కిరీటం తీసి నేల మీద పెట్టినట్టేనని అనుకునేవాడు.

ఒక ఏడు తండ్రి తద్దినం నాడు పురోహితుడు ఆయన దోసిట్లో నీళ్ళూ నువ్వులూ పోసి వదలమన్నాడు. రాజు వదిలాడు. తీరా భోజనానికి కూర్చుంటే విస్తట్లో నువ్వుల ఉండ, పక్కనే నువ్వుపొడి చల్లిన అరటికాయ కూర. ఆయనకు ఒళ్ళు జలదరించింది.

"చచ్చినవాళ్ళకు వదిలే గింజ బతికున్న రాజు విస్తట్లోనా?" అంటూ లేచిపోయాడు.

ఆ సాయంత్రమే చాటింపు వేయించాడు. రాజ్యంలో ఎవరూ నువ్వులు వండకూడదు, ఆ పేరైనా పలకకూడదు. పలికినవారు ఎవరైనా సరే సరిహద్దు దాటి పోవలసిందే. దీపాలకూ, రాజుగారి తలకూ కావాలి గనక నూనె జోలికి మాత్రం పోలేదు.

చాటింపు విన్న జనం ఎక్కడివాళ్ళక్కడ కొయ్యబారిపోయారు. ఎదుటి మనిషిని పిలిచే మాటా, ఆ గింజ పేరూ ఒకటే కదా. కొలువులో చమత్కారిగా పేరున్న విస్సన్న ఆ సంగతే మెల్లగా రాజు చెవిన వేశాడు.

"ప్రభూ, అన్నదమ్ములు పిలుచుకునే మాట కూడా అదే. దానికీ దీనికీ తేడా చూడమని భటులకు సెలవివ్వండి."

"తేడాలు చూస్తూ కూర్చుంటే అది శాసనం కాదు, సంతలో బేరం," అన్నాడు రాజు. "మాట ఒకటే, శిక్ష ఒకటే. నేను 'నీవు' అనడం లేదూ? అందరూ అలాగే అనాలి."

ఇక తల్లులు చంటిపిల్లల్ని 'తమరు' అని లాలించారు. దొంగను పట్టుకున్న తలారి 'మీరెవరండీ' అని అడగవలసి వచ్చింది. కొడుకుని కసురుకోబోయి నోరు జారిన కుమ్మరి ఒకడు, సారెను నెత్తిన పెట్టుకుని ఏడుస్తూ సరిహద్దు దాటిపోయాడు. అది చూసినవాళ్ళు ఇళ్ళలో మాట్లాడడమే తగ్గించేశారు.

అంతఃపురంలో రాజమాతకు జబ్బు చేసి అన్నం సయించడం మానేసింది. రోజురోజుకూ చిక్కిపోతోంది. వంటశాల పెద్ద అచ్చమ్మకు అది చూస్తూ ఊరుకోవడం చేతకాలేదు. దాచి ఉంచిన పిడికెడు నువ్వులు దోరగా వేయించి, ఎండుమిరపకాయలూ ఉప్పూ వేసి దంచి, వేడి అన్నంలో నెయ్యితో కలిపి పెట్టింది. రాజమాత ముద్ద తరవాత ముద్ద తింటోంది.

సరిగ్గా అప్పుడే తల్లిని చూడవచ్చిన రాజుకు ఆ కమ్మటి వాసన గుమ్మంలోనే తగిలింది.

"ఎవరు చేశారు?"

"నేనే బాబూ," అంది అచ్చమ్మ. "అమ్మగారు నాలుగు మెతుకులు తింటారని."

చిన్నప్పుడు తనను ఎత్తుకుని బెల్లపు ఉండలు తినిపించిన మనిషని కూడా చూడలేదు రాజు. మర్నాటి కొలువు ముగిసేలోగా రాజ్యం వదిలిపొమ్మన్నాడు. రాజమాత కలిపిన ముద్దను విస్తట్లోనే వదిలేసింది.

విషయం తెలిసి విస్సన్న వంటశాలకు పరిగెత్తాడు. అచ్చమ్మ రెండు చీరలు మూటగడుతోంది.

"నా సంగతికేం విస్సన్నా, ఎక్కడో ఒకచోట పొయ్యి రాజేసుకుంటాను. అమ్మగారికే, మళ్ళీ ముద్ద దిగదు."

"రేపు కొలువు లేచేదాకా కదలకు," అని మాత్రం చెప్పి విస్సన్న వచ్చేశాడు.

మర్నాడు కొలువుకు వచ్చినవాళ్ళు వాకిట్లోనే ఆగిపోయారు. సింహాసనం మీద విస్సన్న కూర్చుని ఉన్నాడు. పైగా కాలు మీద కాలు వేసుకున్నాడు. భటులకు కత్తి దూయాలన్న స్పృహ కూడా లేకపోయింది. బిరుదులు చదువుతూ రాజుకు ముందు నడిచి వస్తున్న వందిమాగధుడు సగంలోనే ఆపేశాడు.

రాజు ముఖం కందగడ్డ అయింది.

"ఓరి విస్సన్నా! నువ్వా నా సింహాసనం మీద కూర్చునేది? నువ్వెంత, నీ బతుకెంత?"

విస్సన్న చప్పున దిగి, సాష్టాంగపడి లేచి, చేతులు జోడించాడు.

"అపచారానికి నా తల తీయండి. కానీ ప్రభువులు ఆ మాట పలికారు. సభంతా విన్నది."

రాజు ఒకసారి సభంతా కలయజూశాడు.

"నేనన్నది నిన్ను. గింజను కాదు."

"ఆ కుమ్మరి అన్నదీ కొడుకునే ప్రభూ. తేడాలు చూస్తే శాసనం కాదన్నారు. పలికినవారు ఎవరైనా సరే అన్నారు."

రాజు మంత్రి వంక చూశాడు. మంత్రి నేల చూపులు చూశాడు.

"అయితే నన్నిప్పుడు ఏం చేయమంటావు?" అన్నాడు రాజు, గొంతు తగ్గించి.

"మేమెవరం చెప్పడానికి? కొలువు ముగిసేలోగా అచ్చమ్మ బయలుదేరుతోంది. ప్రభువులూ అటే వెళ్ళాలి గనక ఆవిడ తోడుంటుంది. ఆకలివేళకు ఏదో ఒకటి వండిపెడుతుంది. ఆ గింజలు వేయకుండా ఆవిడకు చేయి ఆడదు, అదొక్కటే చిక్కు."

రాజు భుజాలు మొదట సన్నగా అదిరాయి. కోపమేమోనని విస్సన్న కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి ఉద్దండ భూపాలుడు సింహాసనం మెట్టు మీదే చతికిలబడి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వుతున్నాడు.

శాసనం అక్కడికక్కడే రద్దయింది. కుమ్మరిని వెతికి తీసుకురమ్మని గుర్రం మీద మనిషిని పంపారు. రాజు తన చేతి కంకణం తీసి విస్సన్నకు తొడిగాడు.

"మళ్ళీ ఎప్పుడైనా ఆ గద్దె ఎక్కావో, శాసనం అక్కరలేకుండానే పంపించేస్తాను," అని, ఇంకా నవ్వుతూనే తల్లి ఉన్న వైపు వెళ్ళాడు.

విస్సన్న ఒక్క అడుగు వేసి ఆగాడు. కంకణం ఉన్న చేతిని స్తంభానికి ఆనించి, ఎవరైనా కాసిని మంచినీళ్ళు ఇవ్వండి బాబూ అని అడిగాడు.