గాలితొట్టిలో బంగారు గుండు

అనగనగా అన్నానంటే నువ్వు ఊఁ కొట్టాలి. కొట్టకపోతే నేను అటు తిరిగి పడుకుంటాను, తెలిసిందా? అనగనగా కాలవగట్టు కింద ఒక ఊళ్ళో వీరాచారి అనే కంసాలి ఉండేవాడు. అతని భార్య మాణిక్యం. వాళ్ళకి నీ అంత కూతురు, పేరు భువన.

భువన రోజూ అంగన్‌వాడీకి వెళ్ళేది. అక్కడ మేరీ టీచరమ్మ ఉండేది. ఆవిడ ఒకరోజు తన ఇంట్లో పడున్న గాలితొట్టి పట్టుకొచ్చింది. నీలం రంగు రబ్బరు తొట్టి, దాని మీద చేపబొమ్మలు. గాలి ఊదితే పిల్లలు పదిమంది చుట్టూ కూర్చునేంత అయింది. ఊదేసరికి పాపం టీచరమ్మ బుగ్గలు ఎర్రబడిపోయాయి.

మొదటిరోజు తొట్టి అడుగున సుద్దముక్కతో అంకెలు వేసింది. పిల్లలు దూరం నించి చింతగింజ విసరాలి. ఎక్కడ పడితే ఆ అంకె చెప్పాలి. రెండోరోజు నీళ్ళు పోసింది. ఆకు వేస్తే తేలింది, బెండు తేలింది, రాయి బుడుంగుమని మునిగింది. భువన తడిసి ముద్దయి ఇంటికొచ్చి వాళ్ళమ్మ చేత తిట్లు తింది.

ఆ తర్వాత మూడోరోజు. అంగన్‌వాడీ పక్కన ఎవరో ఇల్లు కడుతున్నారు, ఆ మేస్త్రీని అడిగి టీచరమ్మ తొట్టి నిండా ఇసక పోయించింది. "సాయంత్రానికి తిరిగిచ్చెయ్యాలండీ, గోడకి గిలాబా పూత పుయ్యాలి" అన్నాడు మేస్త్రీ. పిల్లలు తలా ఒక చిన్న వస్తువు ఇంటినించి తెచ్చి ఇసకలో దాచాలి. దొరికినవాళ్ళు దాని పేరు చెప్పి, అది ఏ అక్షరంతో మొదలవుతుందో చెప్పాలి. అదీ ఆట.

ఒకడు గవ్వ తెచ్చాడు. ఒకతి బొత్తాం తెచ్చింది. భువన వాళ్ళ నాన్న కుంపటి పక్కన ఉండే కొబ్బరిచిప్పలోంచి ఒక పసుప్పచ్చ పూస తెచ్చింది. ఆ చిప్పలో ఇత్తడి పూసలుంటాయి. ఆడుకోమని వీరాచారే ఇస్తుంటాడు. కంసాలి ఇంటి పిల్లకి పచ్చగా మెరిసేది వింతేం కాదు కదా, చేతికందింది పట్టుకెళ్ళింది.

కానీ కన్నా, అది ఇత్తడి కాదు. గట్టి బంగారు గుండు. శనగగింజంత ఉంటుంది. పుస్తెల తాడుకి వేసుకుంటారే, అది. అచ్చాయమ్మగారని ఆ ఊళ్ళోనే ఒకావిడ, ఆవిడ కూతురిది. కన్నం అంచు పదునెక్కి తాడు కోసేస్తోందని బాగుచెయ్యమని ఇచ్చారు. మామూలుగా వీరాచారి అలాంటివి పెట్టెలో పెట్టి తాళం వేస్తాడు. ఆ రోజు ఎవరో పిలిస్తే గబగబా లేచి, చూసుకోకుండా చిప్పలో వేశాడు. వేసిన సంగతే మర్చిపోయాడు.

ఆట అయింది. గవ్వ దొరికింది, బొత్తాం దొరికింది. పూస మాత్రం ఎవరికీ దొరకలేదు. "పోనీలే, ఇంకో పూస తెచ్చుకుందువుగాని" అంది టీచరమ్మ. భువన అన్నం తినేసి ఇంటికొచ్చింది.

వచ్చేసరికి వాళ్ళ నాన్న నేల మీద పాకుతున్నాడు. చాప దులిపాడు. కుంపట్లో బూడిద జల్లించాడు. ఆ తర్వాత పెట్టెని బోర్లించి తట్టాడు. ఎక్కడా లేదు. "ఏం పోయింది నాన్నా?" అంది భువన. "గుండు తల్లీ, అచ్చాయమ్మగారి బంగారు గుండు" అన్నాడు. అతని చొక్కా చెమటకి వీపుకి అంటుకుపోయింది.

అప్పుడు భువనకి తెలిసింది, తను చిప్పలోంచి పట్టుకెళ్ళింది అదేనని. వెళ్ళి తలుపు వెనక నిలబడింది. ఏమిటి, నువ్వూ దుప్పట్లో దూరిపోతున్నావు? వినూ.

నాలుగింటికి అచ్చాయమ్మ వచ్చింది. ఆవిడ పేరెత్తితే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. "రేపు పొద్దున్నే అమ్మాయి అత్తారింటికి ప్రయాణం ఆచారీ, గుండు ఇయ్యి" అంది.

"కాసేపాగండి అచ్చాయమ్మగారూ. ఇక్కడే ఎక్కడో ఉంది, కనపడట్లేదు" అన్నాడు వీరాచారి.

"కనపడట్లేదా? మీ కంసాళ్ళ సంగతి తెలిసే మొన్న మావాళ్ళు వద్దన్నారు. కాజేసి కనపడట్లేదంటున్నావా?" అంది. గట్టిగా అంది. వీధిలో జనం ఆగారు. వీరాచారి మొహం నల్లబడిపోయింది. మూడు తరాలుగా ఆ ఇంటిని ఒక్కరూ ఆ మాట అనలేదు మరి.

అప్పుడు మాణిక్యం వంటింట్లోంచి వచ్చింది. తన మెడలో తాడు ముడి విప్పడం మొదలుపెట్టింది. తన గుండు తీసి ఇచ్చేద్దామని. ముడి బిగుసుకుపోయి రావట్లేదు. వీరాచారి చూడలేక గోడవైపు తిరిగాడు.

అది చూసి భువన ఇంక తట్టుకోలేకపోయింది. తలుపు వెనకనించి పరుగెత్తుకొచ్చి అమ్మ చెయ్యి పట్టుకుంది. "తియ్యకమ్మా! నేనే పట్టుకెళ్ళాను. ఇత్తడిదనుకున్నాను. అంగన్‌వాడీ తొట్టిలో ఉంది, ఇసకలో ఉంది! సాయంత్రం గిలాబాకి పట్టుకుపోతారు!" అని గుక్కపట్టి ఏడ్చింది.

"ఇసకలోనా? సాయంత్రం అయిపోవస్తోందిగా!" అంది మాణిక్యం. ఇంకేముంది, పరుగో పరుగు. ముందు మాణిక్యం, వెనక వీరాచారి, వెనక భువన, ఆ వెనక రొప్పుకుంటూ అచ్చాయమ్మ, ఆవిడ వెనక వీధిలో జనం.

వెళ్ళేసరికి కూలీ మనిషి ఇసక తట్టలకెత్తుతోంది. రెండు తట్టలు గోడ దగ్గరికి వెళ్ళిపోయాయి. మేస్త్రీ సిమెంటు బస్తా మూతి విప్పుతున్నాడు. "ఆగండి బాబూ, కలపకండి!" అని వీరాచారి అరిచిన అరుపుకి మేస్త్రీ బస్తా వదిలేశాడు.

"జల్లెడ పట్టండి" అంది అచ్చాయమ్మ. మేస్త్రీ జల్లెడ కన్నాలు పెద్దవి, గుండు జారిపోతుంది. అప్పుడు మాణిక్యం అంది, "టీచరమ్మగారూ, ఇసకంతా ఇలా కుప్ప పోయించండి. తొట్టి నిండా నీళ్ళు కావాలి. నాకో అన్నం పళ్ళెం ఇవ్వండి."

ఎందుకో తెలుసా? కంసాలి ఇళ్ళలో కొట్టు ఊడ్చిన దుమ్ము పారబొయ్యరు. దాచిపెట్టి, నెలకోసారి నీళ్ళలో కడుగుతారు. దుమ్ము పోతుంది, బరువుకి బంగారం రజను పళ్ళెంలో మిగులుతుంది. మాణిక్యం చెయ్యి తిరిగిన మనిషి.

పళ్ళెంలో ఇసక తీసుకుంది. నీళ్ళలో ముంచి మెల్లిగా గుండ్రంగా తిప్పింది. ఇసక అంచు మీంచి తొట్టిలోకి జారిపోయింది. పళ్ళెంలో గులకరాళ్ళు మిగిలాయి. గుండు లేదు. చుట్టూ చేరిన పిల్లలు ఇదో కొత్త ఆట అనుకుని చప్పట్లు కొట్టారు. భువన కొట్టలేదు.

అలా పళ్ళెం తర్వాత పళ్ళెం. కుప్ప సగమైంది, లేదు. పిడికెడయింది, లేదు. మాణిక్యం చేతులు నాని ముడతలు పడ్డాయి. గోడ దగ్గరికెళ్ళిన రెండు తట్టలూ తెప్పించారు. మొదటి తట్టలో లేదు. రెండో తట్ట కూడా అయిపోవచ్చింది. భువన కళ్ళు మూసుకుంది. ఆఖరి పళ్ళెం తిప్పుతుంటే మాణిక్యం చెయ్యి ఆగిపోయింది. అడుగున మిగిలిన నల్ల ఇసక మధ్య పచ్చగా, గుండు!

అచ్చాయమ్మ చెయ్యి చాపింది. వీరాచారి ఇవ్వలేదు. భువన అరచేతిలో పెట్టి, "తీసింది నువ్వు, ఇచ్చేదీ నువ్వే" అన్నాడు. భువన రెండు చేతులతో ఇచ్చింది.

అచ్చాయమ్మ తల దించుకుని, "నోరు జారాను ఆచారీ" అంది. ఆవిడకే వినపడనంత మెల్లిగా.

"ఇందాకటి మాట వీధంతా విన్నారమ్మా. ఇది కూడా వాళ్ళకి వినపడేట్టు అనండి" అన్నాడు వీరాచారి.

ఆవిడ అనేదాకా అతను అక్కణ్ణించి కదల్లేదు. ఆవిడ అటు చూసింది, ఇటు చూసింది. చివరికి అంది. మేస్త్రీ విన్నాడు, కూలీ మనిషి వింది, వీధిలో వాళ్ళందరూ విన్నారు.

తొట్టిలో నీళ్ళు టీచరమ్మ బీరపాదుకి పోసింది. ఆ తర్వాత వీరాచారి కూతుర్ని ఎత్తుకున్నాడు. అది నాన్న మెడ గట్టిగా కరుచుకుంది. "కొడతానని భయపడ్డావా?" అన్నాడు.

"కాదు. నిన్ను దొంగ అన్నారుగా, అదీ భయం" అంది భువన. వీరాచారి కూతుర్ని ఇంకాస్త గట్టిగా పట్టుకుని, ఇంటిదాకా దించకుండానే నడిచాడు.

అయిపోయింది. ఇంక ఆ దుప్పటి మొహం మీంచి తియ్యి, కాళ్ళు చాపుకో.

నీళ్ళేమో పాదుకి,
గుండేమో తాడుకి,
కథేమో కంచికి,
కునుకేమో కంటికి!