గేదె మేసిన వేపాకు

వరికోతలు అయిపోయిన చేలో ముళ్ళకంప చుట్టిన దొడ్డి ఒకటి, ఆ దొడ్డిలో ఒక మేకల మంద. ఆ మందలో బొల్లి అని ఒక పడుచు మేక. తొలిచూలు ఈనింది, నల్లటి పోతుపిల్ల పుట్టాడు. బిడ్డ పుట్టిన సంతోషం దానికి ఒక్క పూటయినా దక్కనిచ్చారు కాదండీ ఆ దొడ్డిలోవాళ్ళు. సలహాలతో చంపేశారు.

పిల్లగాడు పొదుగులో మూతి పెడతాడు, చన్ను చివర పట్టుకు కొరుకుతాడు, పాలు రాక ఏడుస్తాడు. బొల్లికి కళ్ళలో నీళ్ళు తిరిగేంత నొప్పి. ఇది చూసి ఒకామె కాసిని నీళ్ళు తాగించమంది. ఇంకొకామె పొదుగుకి బురద పట్టు వెయ్యమంది. దారినపోయే గాడిద తల దూర్చి, ఏడవనివ్వు, గొంతు బాగుపడుతుంది, చిన్నప్పుడు నేనూ ఇలాగే ఏడ్చానని చెప్పి వెళ్ళింది. ఆఖరికి కోడి కనకమ్మ కూడా కంప మీదికెక్కి కూర్చుంది.

"ఒదినా, మా వంశంలో పాలన్న మాటే లేదు. మా పిల్లలు పెరగడం లేదూ?"

పాలే లేని కోడి పాల సంగతి చెబుతుంటే ఇక ఎవరికి చెప్పుకోవాలి? వాళ్ళందరిలో అసలు తెలిసింది గిడ్డమ్మ ఒక్కతే. పొట్టి ముసలి మేక, ఎన్నో ఈతలు ఈనింది. కానీ దానికి నోరెక్కువ, ఒళ్ళు బరువు. పడుకున్న చోటినుంచే, మా రోజుల్లో ఇంత గొడవ లేదమ్మా, పొదుగు అందిస్తే వాడే తాగుతాడు అనేసి మళ్ళీ నెమరులో పడింది. లేచి వచ్చి చూసింది లేదు.

ఇంతలో మందకి పెద్ద అయిన మేకపోతు ఒక మాట చెప్పాడు. చేలో మేత అయిపోయింది, అమావాస్య వెళ్ళగానే మంద కొండకి కదులుతుంది, నడవలేని పిల్ల కోసం మంద ఆగదు అని. బొల్లి పిల్లగాడి కాళ్ళ వంక చూసుకుంది.

ఈ మాట కంప అవతల పొంచి ఉన్న గుంటయ్య అనే నక్క చెవిన కూడా పడింది.

మర్నాడు మంద మేతకి పోయాక, దొడ్డిలో బొల్లీ పిల్లా మిగిలిన వేళ చూసుకుని గుంటయ్య వచ్చాడు. మెడలో ఎండు సొరబుర్ర. లోపలికి అడుగు పెట్టలేదు, మర్యాదస్తుడు కదా. పశువుల ఆసుపత్రి గోడ పక్కన చాలాకాలం కాపురమున్నానని, డాక్టర్లు చెప్పేవన్నీ తన చెవుల్లో ఉన్నాయని కంప సందులోంచే చెప్పుకొచ్చాడు. పొదుగు చూపించమన్నాడు. బొల్లి సందుకి ఆనుకుని నిలబడితే నాలుగు ధారలు బుర్రలోకి పిండి, నాలుక చప్పరించాడు.

"చూశావా తల్లీ, పసుపుపచ్చగా, జిగటగా. ఇన్నాళ్ళూ నీ ఒంట్లో నిలవున్న మురికి ఇది. బిడ్డకి పడితే ఇంకేమన్నా ఉందా? రోజూ నేను పిండి పారబోస్తాను. కొండ అవతల గేదె ఒకటి నాకు తెలిసినామె. దాని పాలు తెచ్చి పోస్తాను."

మిగతావాళ్ళంతా బొల్లిని తప్పుపట్టినవాళ్ళే. ఇతనొక్కడే తల్లీ అన్నాడు. బొల్లి నమ్మేసింది.

ఆ పసుపుపచ్చ ముర్రుపాలు బిడ్డకి మొదటి మందండీ బాబూ. ఆ మందు కాస్తా గుంటయ్య పొట్టలోకి పోయింది. ఆ తర్వాత రోజూ అదే తంతు. పిండేవాడు, తుమ్మపొద వెనక్కి పోయి ముప్పాతిక తాగేవాడు, మిగిలినదాంట్లో కుంట నీళ్ళు కలిపి "గేదెపాలు" అని పట్టుకొచ్చేవాడు. పిల్లగాడికి విరేచనాలు పట్టుకున్నాయి. కాళ్ళు వెదురుపుల్లలయ్యాయి. లేస్తే పడతాడు, పడితే లేవడు. గుంటయ్యకి కావలసిందీ అదే. మంద కదిలిన రోజున వెనక మిగిలేది తనకే కదా.

అమావాస్య దగ్గరపడ్డాక గిడ్డమ్మ ఒకరోజు మేతకి పోలేక దొడ్డిలో ఉండిపోయింది. పిల్లగాణ్ణి దగ్గరగా చూసి ఉలిక్కిపడింది. ఏం పెడుతున్నావే వీడికి అని గద్దిస్తే బొల్లి భోరుమని మొత్తం చెప్పేసింది.

"నాతో ఒక్క ముక్క చెప్పకూడదుటే?"

"చెప్తే నువ్వు తిడతావు పెద్దమ్మా. అతను తిట్టలేదు."

గిడ్డమ్మ తిట్టకుండా దగ్గరికి జరిగింది. ఆ దొడ్డిలో అంతకుముందెన్నడూ అలా జరగలేదు.

మోకాళ్ళు మడిచి బొల్లి పక్కనే కూర్చుంది. పిల్లగాణ్ణి మూతితో నెట్టి పొదుగు కిందికి చేర్చి, వాడు ఎలా పడుతున్నాడో వంగి చూసింది.

"వీడు చివర మాత్రమే పట్టుకుంటున్నాడే. అందుకే నీకు నొప్పి, వాడికి ఆకలి. నోరు పెద్దగా తెరిచేదాకా ఆగు. ఇప్పుడు, నిండుగా పట్టించు. ఆఁ, అదీ."

పిల్లగాడి గొంతులో గుటక వినపడింది. తోక ఊగింది. బొల్లి ఆశ్చర్యంగా, నొప్పి లేదే అంది. నీ పాలకేం రోగం లేదు, వాడు తాగేకొద్దీ ఊరుతూనే ఉంటాయి, అడిగినప్పుడల్లా ఇవ్వు అని గిడ్డమ్మ నెమ్మదిగా చెప్పింది. నెమ్మదిగా చెప్పడం దానికి చాలా కష్టమైంది పాపం.

ఆ సాయంత్రం బొల్లిని వేపచెట్టు దగ్గరికి తీసుకుపోయి, ముందుకాళ్ళు మానుకి ఆనించి నిలబడి, అందినంత వేపాకు మేయమంది. మర్నాడు మందని మేతకి పోనివ్వకుండా ఆపింది.

వేళకి గుంటయ్య వచ్చాడు. మంద అవతలి మూల చప్పుడు చెయ్యకుండా పడుకుని ఉంటే, మేతకి పోయిందనుకుని సందులోంచి పిండుకుని పొద వెనక్కి పోయాడు. అక్కణ్ణించి దగ్గు వినపడింది, ఉమ్మడం వినపడింది. అయినా బుర్ర పట్టుకుని తిరిగి వచ్చాడు.

గిడ్డమ్మ ఎదురెళ్ళింది. "అన్నయ్యా, ఆ గేదెపాలు మా పెద్ద ఒకసారి రుచి చూస్తాడు."

మేకపోతు నాలుక తడిపాడు. మొహం ముడుచుకుపోయింది. "వేప చేదు."

"గేదె వేపచెట్టెక్కి మేసిందా అన్నయ్యా?" అంది గిడ్డమ్మ. "నిన్న సాయంత్రం ఆ చెట్టు మేసింది మా బొల్లి. దాని పాలే దాని బిడ్డకి నీళ్ళు కలిపి అమ్మమ్మలా తెచ్చిపెడుతున్నావు."

గుంటయ్య ఆసుపత్రి సంగతేదో ఎత్తబోయాడు. మేకపోతు కొమ్ములు కంప సందులోకి దూరాయి. బుర్ర అక్కడే వదిలేసి పరుగే పరుగు.

మేకపోతు విసుక్కుంటూనే ప్రయాణం నాలుగు రోజులు వాయిదా వేశాడు. ఆ నాలుగు రోజులూ పిల్లగాడు తాగడం, పడుకోవడం, లేచి మళ్ళీ తాగడం. పక్కన గిడ్డమ్మ కాపలా. సలహా చెప్పబోయినవాళ్ళని కొమ్ముతో నెట్టేది. కనకమ్మ మాత్రం కంప మీంచి, ఇక పాలు మాన్పించి నూకలు పెట్టమని అందుకుంది.

"వాడు లేతాకు కొరికే రోజు వస్తుంది, అప్పుడు ఆకుతోపాటు పాలూ తాగుతాడు. నువ్వు గుడ్డు పెట్టుకో పో" అంది బొల్లి. తల్లిగా అది మొదటిసారి ఎదురు చెప్పడం.

దొడ్డి ఖాళీ అయిన పొద్దున గుంటయ్య పెదవులు నాక్కుంటూ వచ్చాడు. దొడ్డిలో మిగిలిన పిల్ల ఎక్కడా లేదు. దూరంగా కొండదారిలో దుమ్ము, ఆ దుమ్ములో అమ్మ వెంట గెంతుతున్న నల్లటి చుక్క ఒకటి. దొడ్డి మధ్యలో తన సొరబుర్ర మాత్రం ఉంది, నిండా వేపాకు కుక్కి.

బాలింతకి నోటితో సాయం చేసే పదిమంది కంటే, పక్కన కూర్చుని బిడ్డ తాగే తీరు చూసే ఒక్కరు మేలు.