చప్పిడి అంబలి

అనగనగా, అంటే మన తాతలకి తాతలు కూడా పుట్టని కాలంలో, సముద్రం ఒడ్డున ఉప్పుమడులుండేవి. ఆ మడుల్లో సన్నెమ్మ ఉప్పు లాగేది. తెల్లారితే ఉప్పునీళ్లలోకి దిగేది, పొద్దుగూకితే ఒడ్డెక్కేది. మొగుడు లేడు, పిల్లల్లేరు. ఉన్నవి రెండు చేతులే.

ఆ చేతులకి తామర పట్టింది. వేళ్ల సందుల్లో నీటిపొక్కులు లేచాయి, పగిలాయి, రసి కారాయి. గోకితే మంట. గోకకపోతే పిచ్చెత్తే దురద.

ఆ మడుల కామందు చూశాడు.

"రసి చేతులతో నా ఉప్పు ముట్టకు. అదంతా నీ తిండి చేసిన పని. నోరు కట్టుకో. తగ్గకపోతే మడిలోకి రాకు."

మడి లేకపోతే సన్నెమ్మకి కూడు లేదు. కామందు అరుగు మీదే వైద్యుడు కూర్చుని ఉన్నాడు. "ఎండుచేప మానెయ్," అన్నాడు.

మానేసింది. తామర తగ్గలేదు.

"పులుపు మానెయ్," అన్నాడు.

మానేసింది. తామర తగ్గలేదు.

"ఉప్పు మానెయ్. చప్పిడి అంబలి తాగు," అన్నాడు.

అదీ మానేసింది. తామర మోచేతుల దాకా పాకింది. నేరం నీళ్లది, శిక్ష నోటికి.

పక్కమడి గురివి ఒకనాడు నవ్వబోయి ఆగిపోయింది. "ఏటే వదినా, ఉప్పుకుప్ప పక్కన కూకుని సప్పిడి తాగుతన్నావు? సేతులు ఉప్పునీళ్లలో నాన్తంటే నోరేటి సేసిందే?"

"నా నోరే పాపిష్టిదే గురివీ," అంది సన్నెమ్మ. "నిన్న నువ్వు ఎండుసేప కాలిస్తే నోరూరిపోనాది. అందుకే తగ్గనేదు."

మర్నాటి నుంచి గురివి చేప కాల్చడం మానేసింది.

ఎండలు ముదిరాయి. చెమటకి ఒంట్లో ఉన్న ఉప్పూ పోయింది. ఒక మధ్యాహ్నం సన్నెమ్మ తెల్లటి మడిలో బోర్లా పడింది. మళ్లీ లేవలేదు.

ఆడవాళ్లు పారలు కింద పెట్టారు. ఆమె తాగగా మిగిలిన అంబలి ముంత పట్టుకుని కామందు గుమ్మం ముందు నిలబడ్డారు.

"బాబూ, ఇది తాగండి," అంది గురివి.

కామందు ఒక్క గుక్క తాగి ఉమ్మేశాడు. "థూ! ఉప్పేదే?"

"మీ మడిలో ఉంది బాబూ. సన్నెమ్మ కూడా అక్కడే ఉంది. ముంత కాళీ అయితేనే మడిలో దిగుతాం."

ఆకాశంలో మబ్బు కమ్ముతోంది. చినుకు పడితే ఉప్పంతా నీళ్లపాలు. కామందు మబ్బు వైపు చూశాడు. ముంత ఎత్తి అడుగుదాకా తాగాడు. సన్నెమ్మ కోసం కాదు, ఉప్పు కోసం.

ఇప్పటికీ ఆ ఒడ్డున మడుల్లో దిగే మొదటి రోజు, కామందు అందరి ముందూ చప్పిడి అంబలి తాగాలి. చేతులు పగిలినవాళ్లకి తొలిముద్ద, ఎండుచేప నంజుకుని. ఎవరైనా "నీ తిండి వల్లే" అని నోరు జారితే, "ముందు సన్నెమ్మ ముంత తాగి చెప్పు" అంటారు.

కామందు అంబలి తాగుతాడు, మూతి తుడుచుకుంటాడు, ఇంటికి పోతాడు. ఆడవాళ్లు చేతులు గోక్కుంటూ ఉప్పునీళ్లలోకి దిగుతారు.