తెల్లని మెట్ల మీద పారాణి

మండపేటలో పెళ్ళిసామగ్రి అమ్ముకునే చోడవరపు వారి ఇంట్లో తెలివికి లోటు లేదని ఆ ఇంటి ముగ్గురికీ గట్టి నమ్మకం. ఆ విషయంలో బయటివాళ్ళ అభిప్రాయం ఎన్నడూ అడగలేదు కనుక, ముప్పై ఏళ్ళుగా ఆ నమ్మకానికి ఏ హానీ కలగలేదు.

ఇంటిపెద్ద గవర్రాజు. చెప్పిన మాటను చెప్పినట్టే పట్టుకోవడం వివేకమని అతని సిద్ధాంతం. జలుబుకు రెండు పూటలా మందు వాడమన్న డాక్టరు ఎన్నాళ్ళు వాడాలో చెప్పలేదు కనుక, జలుబు తగ్గి పదకొండేళ్ళయినా ఇంకా వాడుతూనే ఉన్నాడు. తమ్ముడు భీమశంకరం పెళ్ళి చేసుకోలేదు గాని, రెండేళ్ళు కాలేజీకి వెళ్ళి ఇంగ్లీషు నేర్చుకున్నాడు. అందువల్ల అతని పొరపాట్లు రెండు భాషల్లో జరిగేవి. గవర్రాజు భార్య సత్యవేణి. ఆ ఇద్దరికంటే ఆమే నయమని వీధి వాళ్ళు అనుకునేవారు. ఆమె మాత్రం, ఇన్నేళ్ళు కాపురం చేసినా వాళ్ళంత తెలివి తనకు అబ్బలేదే అని లోలోపల చిన్నబుచ్చుకునేది.

దుకాణంలో ఆమె కూర్చునే చోటికి ఎదురుగా ఒక పాత క్యాలెండరు ఉండేది. అందులో తెల్లటి ఇళ్ళు, వాటి కాళ్ళ దగ్గర నీలం సముద్రం. పసుపు పొట్లాలు కడుతూ, పారాణి సీసాలు తుడుస్తూ ఇరవై ఏళ్ళు ఆ నీలాన్ని చూసింది. పెళ్ళికి ముందు కాలవను ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఈదిన మనిషి. పెళ్ళయ్యాక బకెట్టు కంటే లోతైన నీళ్ళు ఎరగదు. ఒక్కసారి ఆ సముద్రంలో మెడదాకా దిగాలి. అంతకు మించి ఆమె ఎవరినీ ఏమీ కోరలేదు. ముప్పయ్యో పెళ్ళిరోజుకి గవర్రాజు సరేనన్నాడు.

రాజమండ్రిలో టిక్కెట్లు ఇచ్చిన కుర్రవాడు వాటితో పాటు ఒక కాగితం ఇచ్చాడు. గ్రీకు దీవిలో వేసవి సెలవును ఆనందించడానికి సూచనలట. గవర్రాజు దాన్ని మూడుసార్లు చదివి, తడవకుండా ప్లాస్టిక్ తొడుగు వేయించి, మెడలో వేసుకున్నాడు. ఇందులో ఉన్నది ఉన్నట్టు చేస్తే ఆనందం దానంతట అదే వస్తుందని ఇంట్లో ప్రకటించాడు. ఆనందాన్ని కాగితం మీద వెతికేవాడికి అది ఎప్పుడూ తరువాతి వాక్యంలోనే ఉంటుందని అతనికి చెప్పేవారు లేకపోయారు.

దీవి పేరు పలకడంలో ముగ్గురూ మూడు దారులు పట్టారు కనుక, చివరికి దాన్ని దీవి అనే పిలుద్దామని ఒప్పందానికి వచ్చారు. కొండవాలున కతెరీనా అనే ముసలావిడ ఇంట్లో దిగారు. అక్కడినుంచి నూట నలభై తెల్లటి మెట్లు నేరుగా సముద్రానికి దిగుతాయి. క్యాలెండరులోని నీలం, ఒక్క చుక్క తేడా లేకుండా, కింద పరుచుకుని ఉంది. ఉండేది ఆరు రోజులు.

మొదటి రోజే సత్యవేణి చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని బయలుదేరింది. గవర్రాజు కాగితం చూసి ఆపాడు. తిన్న తరువాత ఈతకు దిగరాదని రాసి ఉంది. పొద్దున ఉప్మా తిన్నారు. మరి ఎంతసేపు ఆగాలి? అది రాసి లేదు. ముగ్గురూ మెట్ల మీద కూర్చుని ఆలోచించారు. ఉప్మా అరిగిపోవచ్చు, కాని తిన్నామన్న సంగతి అరగదు కదా అన్నాడు భీమశంకరం. గవర్రాజు ఇంకా లోతుకు వెళ్ళాడు. మనిషి పుట్టగానే పాలు తాగుతాడు, ఆ తరువాత వచ్చే ప్రతి క్షణమూ తిన్న తరువాతి క్షణమే అని తేల్చాడు. సత్యవేణి మర్నాడు పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా ఉపవాసం చేసి చూసింది. నిన్న తిన్నావు కదే అన్నాడు గవర్రాజు. అంతే, కుచ్చిళ్ళు దించేసుకుంది. అతని మాటలో తప్పెక్కడుందో ఆమెకు దొరకలేదు.

మూడోరోజు కొత్త సూచన పట్టారు. దీవి వాళ్ళు ఏం చేస్తే మీరూ అదే చేయండి, అప్పుడే అసలైన రుచి తెలుస్తుంది అని ఉంది. సత్యవేణికి ప్రాణం లేచివచ్చింది. చుట్టూ సముద్రం ఉన్నవాళ్ళు నీళ్ళలో దిగకుండా ఉంటారా? యోర్గో అనే జాలరిని ఎంచుకుని ముగ్గురూ వెంటపడ్డారు. అతను వల బాగుచేస్తే వీళ్ళు దారం పట్టుకున్నారు. పిల్లిని అదిలిస్తే అదే పిల్లిని మరో మూడుసార్లు అదిలించారు. అతను మాత్రం సముద్రం వైపు కన్నెత్తి చూడలేదు. అరవై ఏళ్ళు ఆ నీళ్ళమీద బతికినవాడికి అందులో దిగే సరదా ఏముంటుంది? మధ్యాహ్నం దవడ పట్టుకుని పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. ఇంకేముంది, వెనకే వెళ్ళిన భీమశంకరం కూడా కుర్చీ ఎక్కి, ఏ నొప్పీ లేని పన్ను ఒకటి పట్టుపట్టి పీకించుకుని వచ్చాడు. అసలైన రుచి నెత్తురుదని ఆ సాయంత్రం చెప్పాడు.

నాలుగోరోజు గవర్రాజు ముఖం వేలాడేసుకుని లేచాడు. కాగితం అడుగున రెండు ముక్కలు ఉన్నాయి. దీవిలో మీ పాదముద్రలు తప్ప ఏమీ వదలకండి. అక్కడినుంచి జ్ఞాపకాలు తప్ప ఏమీ తీసుకెళ్ళకండి. నాలుగు రోజులుగా రాతిమెట్ల మీద తిరుగుతున్నారు, ఒక్క పాదముద్రా పడలేదు. ఇంతటి నియమం తప్పుతుంటే తమకు తెలియలేదేమని బాధపడ్డాడు. సత్యవేణికి మాత్రం ఈ ముడి చిటికెలో విడిపోయింది. పెళ్ళికూతుళ్ళ కాళ్ళకు పెట్టే పారాణి ఆమె సంచీలో ఎప్పుడూ ఉంటుంది. ముగ్గురూ అరికాళ్ళకు దట్టంగా పూసుకుని నూట నలభై మెట్లూ దిగారు. ఎర్రగా, వేళ్ళతో సహా, అడుగులు ముచ్చటగా పడ్డాయి. అన్నీ కిందికే వెళ్తే దిగినవాళ్ళు మునిగిపోయారనుకుంటారని భీమశంకరానికి అనుమానం వచ్చింది. మళ్ళీ పూసుకుని పైకి ఎక్కారు.

ఊరి పండుగ కోసం కతెరీనా ఆ మెట్లకు స్వహస్తాలతో సున్నం వేసి వారం కాలేదు. అది చూసి ఆమె మూడు కుంచెలు, ఒక సున్నపు తొట్టి తెచ్చి ముందు పెట్టింది. ఆ రోజు మిగిలినదంతా, మర్నాడంతా ముగ్గురూ సున్నం వేశారు. చివరి ఎరుపు మాయమయ్యేసరికి ఐదోరోజు సాయంత్రమైంది. అయ్యో, పాదముద్రలు పోయాయే అన్నాడు గవర్రాజు. అంతే, సున్నం ఆరకముందే ముగ్గురూ దానిమీద నడుచుకుంటూ దిగారు.

కతెరీనా కిందికి వచ్చి, అన్నదమ్ములిద్దరినీ వదిలేసి, సత్యవేణి పక్కన కూర్చుంది. తనకు వచ్చిన కొద్దిపాటి ఇంగ్లీషులో ఏదో చెప్పింది. భీమశంకరం తెలుగు చేశాడు.

“నువ్వు సముద్రాన్ని ఎలా చూస్తున్నావో ఐదు రోజులుగా చూస్తున్నానంటోందండి వదినా. పది అడుగుల్లో ఉంది, దిగమంటోంది.”

సత్యవేణి ఆ పది అడుగుల వైపు చూసింది. “దిగాలనే ఉంది శంకరం. కాగితం ఒప్పుకోవాలి కదా అని చెప్పు.”

ముసలావిడ రెండు చేతులూ పైకెత్తి, మెట్లెక్కి వెళ్ళిపోయింది.

ఆరోరోజు మధ్యాహ్నం ఓడ. పెట్టెలు రేవుకు చేర్చాక గవర్రాజు ఉన్నట్టుండి చతికిలబడ్డాడు. పెట్టెలు పాదముద్రలు కావు, వదలకూడదు. జ్ఞాపకాలు కావు, తీసుకెళ్ళకూడదు. ఒంటిమీద బట్టల సంగతేమిటని భీమశంకరం అడిగితే, కట్టుకున్నవి మనిషిలో భాగమని తీర్పు చెప్పాడు. పీకించుకున్న పన్ను నోట్లో లేదు కనుక మనిషిలో భాగం కాదు, అది పెట్టెలోకి వెళ్ళింది. కాని పెట్టె ఎక్కడికి వెళ్ళాలి? దూరాన ఓడ కూత వేసింది.

అప్పుడు సత్యవేణికి జీవితంలో మొదటిసారి చోడవరపు వారి తెలివి వచ్చింది.

“ఏమండీ, సముద్రం దీవి కాదు కదా. మన ఊరూ కాదు.”

గవర్రాజు భార్యను కొత్తగా చూశాడు. మరి పెట్టెలను అందులోకి ఎవరు దిగి తోస్తారు? అన్నదమ్ములకు ఈత రాదు. తిన్న తరువాత దిగకూడదే అని అతను గొణిగితే, నేను ఈతకు కాదండీ, సామానుకు దిగుతున్నాను అంది. కాగితంలో సామాను గురించి ఏమీ లేదు. ఇంకేముంది, పాస్‌పోర్టులున్న పెట్టెతో సహా మూడింటినీ తోసుకుంటూ సత్యవేణి నీళ్ళలో దిగింది. మోకాలు. నడుము. మెడ. ఇరవై ఏళ్ళ నీలం ఆమె గడ్డాన్ని తాకింది. పెట్టెలు ఎప్పుడు చేతులు జారాయో ఆమె చూడలేదు.

దారిలో పడవ వేసుకుని వస్తున్న యోర్గో వాటిని కొక్కెంతో లాగి ఒడ్డున పెట్టాడు. గవర్రాజు అతనికి దణ్ణం పెట్టి, మావి కావని చెప్పి మళ్ళీ నీళ్ళలోకి తోశాడు. ఈసారి కెరటం తీసుకుపోయింది.

ఓడ ఎక్కబోతుంటే గవర్రాజు, నీళ్ళలోంచి వచ్చిన సత్యవేణి చీర వంక చూసి చెయ్యి అడ్డం పెట్టాడు. చీర ఆమెలో భాగమే, కాని అందులో కారుతున్న నీళ్ళు ఈ చోటివి. ఆరేదాకా కదలడానికి వీల్లేదు. ఓడ వాళ్ళను వదిలేసి కదిలింది. నియమం మాత్రం తప్పలేదని అన్నదమ్ములు తృప్తిగా చెయ్యి ఊపారు.

గంటకు చీర ఆరింది. ఇక ఫరవాలేదని గవర్రాజు లేచాడు. సత్యవేణి కొంగు చివర నాలుకకు తగిలించుకుని చూసి, గంభీరంగా తల అడ్డంగా ఊపింది.

“ఉప్పు ఉండిపోయిందండీ. ఇది కడిగేసి రావాలి.”

నిజమే, ఉప్పు జ్ఞాపకం కాదు అన్నాడు గవర్రాజు. కడగడానికి దగ్గరలో ఉన్న నీళ్ళు ఒక్కటే. ఆమె మళ్ళీ దిగి వచ్చింది. గంటకు ఆరింది. మళ్ళీ ఉప్పు. ఇంత కడిగినా పోవడం లేదంటే ఎంత మొండి ఉప్పో అని భీమశంకరం ఆశ్చర్యపోయాడు.

పొద్దు వాలేవేళకు కతెరీనా పైమెట్టు మీద నిలబడి చూసింది. అన్నదమ్ములిద్దరూ ఒడ్డున కూర్చుని చీర ఎప్పుడు ఆరుతుందా అని లెక్కపెడుతున్నారు. సత్యవేణి ఐదోసారి ఉప్పు కడుక్కోవడానికి సముద్రంలో దిగి, వెల్లకిలా తేలుతోంది.