పీచు పోలమ్మ ఎడమ పురి తాడు

అనగా అనగా, మన తాతలకు వాళ్ల తాతలు చెబితేనే తెలిసినంత కాలం కిందట, కాలువ వెళ్లి సముద్రంలో కలిసేచోట ఒక ఊరుండేది. ఆ ఊళ్లో పోలమ్మ అనే ఆమె ఉండేది. మొగుడు పోయాడు. ఒక్కడే కొడుకు, పేరు బుల్లియ్య.

పోలమ్మ కొబ్బరి డొక్కలు కాలువలో నానేసేది. నానిన డొక్కల్ని కొట్టి పీచు తీసేది. పీచు పేని తాడు చేసేది. ఆవులకు ఆమె తాడే. బావులకు ఆమె తాడే. పడవలకు ఆమె తాడే. ఆమెది ఎడమ చేతివాటం. అందుకని తాడుకు పురి ఎడమవైపు తిరిగేది. ఎక్కడ కనపడినా, ఇది పోలమ్మ తాడని పసిపిల్లలు కూడా చెప్పేవారు.

మీసం వచ్చే వయసులో బుల్లియ్య మారాడు. ఒక్కరోజులో మారలేదు. ముందు నిద్ర దూరమైంది. తరవాత స్నేహితులు దూరమయ్యారు. ఆ తరవాత, ఎవరూ లేనిచోట నుంచి మాటలు వినపడ్డాయి.

"అమ్మా, బావిలోంచి నన్ను తిడుతున్నారే."

"నాకు వినపడట్లేదు నాయనా. నీకు వినపడుతోందంటే నమ్ముతాను. భయమేస్తోందా?"

"వేస్తోంది."

"ఇలా వచ్చి కూర్చో. ఈ పీచు పట్టుకో."

ఊరు ఊరుకుంటుందా? ముందు భూతవైద్యుడు వచ్చాడు. "దయ్యం పట్టింది పోలమ్మా. కట్టేసి కొడితేగాని దిగదు" అన్నాడు. పోలమ్మ తాడు పేనింది. ఆ రోజు పురి కొంచెం బిగిసింది.

తరవాత పక్కింటి ముసలమ్మ వచ్చింది. "కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూసుంటావే. తల్లి చేసిన తప్పు పిల్లాడికి తగిలింది" అంది. పోలమ్మ తాడు పేనింది. పురి ఇంకొంచెం బిగిసింది.

తరవాత మునసబు వచ్చాడు. "ఇది ఏ వైపు నుంచి వచ్చిందో తేలాలి. నీ పుట్టింటి నుంచా, మీ ఆయన వైపు నుంచా? ఈ ఊరి పిల్లని ఎవరు చేసుకుంటారు, పిల్లాడికి ఎవరిస్తారు?" అన్నాడు. పోలమ్మ తాడు పేనింది. పురి ఇంక బిగియడానికి లేదు.

లేస్తూ లేస్తూ మునసబు అన్నాడు: "అన్నట్టు, ఆంబోతు మాట వినట్లేదు. దానికి మంచి గట్టి తాడొకటి పేని పెట్టు."

పోలమ్మ పేనింది. కొమ్ములున్న పశువు కదా, తెగితే మనుషుల్ని పొడుస్తుందని, చేతులు పగిలేదాకా పేనింది. ఇచ్చి, తక్కిన తాళ్లతో సంతకు పడవెక్కింది.

తిరిగొచ్చేసరికి రేవులో మనిషి లేడు. ఊరంతా భూతవైద్యుడి పాక దగ్గరుంది. అక్కడ తాటిమొద్దుకు బుల్లియ్యను కట్టేసి ఉంచారు. వీపు మీద వేపబెత్తాల వాతలు. తాడు మణికట్లను కోసుకుని కండలో దిగింది. ఆ తాడు పురి ఎడమవైపు తిరిగి ఉంది.

ఆంబోతు మునసబు దొడ్లో నీడన పడుకుని నెమరు వేసుకుంటోంది. దాని మెడకు తాడే లేదు.

పోలమ్మ ఏడవలేదు. డొక్కలు ఒలిచే కత్తి తెచ్చి తాడు కోసేసింది. కొడుకును ఒళ్లోకి తీసుకుంది.

"దిగుతున్న దయ్యాన్ని ఆపేశావు కదే" అన్నాడు భూతవైద్యుడు.

"దయ్యాలు ఎవరికి పట్టాయో నాకు కనపడుతూనే ఉందిరా. చుట్టూ నించున్నాయి" అంది.

అక్కడే కూర్చుని, కోసిన తాడు పురి విప్పింది. పాయలు విప్పింది. పీచంతా కుప్పపోసి మునసబు కాళ్ల ముందుకు తోసింది.

"ఏ వైపు నుంచి వచ్చిందని అడిగారు కదండీ. ఇది ఏ పీచు వల్ల తాడయిందో తీసి చూపించండి."

మునసబు ఒక పోగు తీశాడు. వెంట్రుకంత ఉంది.

"ఇదొక్కటేనా తాడు?" అని అడిగింది పోలమ్మ.

ఇంకొకటి తీశాడు. "ఇదా?" మూడోది తీశాడు. "పోనీ, ఇదా?"

మునసబు ఆ పోగును మళ్లీ కుప్పలో పడేశాడు.

"ఊళ్లో ప్రతి దొడ్డి డొక్కా నా దగ్గరే నానింది. మీ దొడ్డి పీచూ ఇందులో ఉంది. ఇలాంటి పోగులు మీ ఇంట్లోనూ ఉన్నాయండి. నా కొడుకులో అవి కలిశాయి, ఎక్కడో పురి పడింది. మీ వాళ్లలో పడలేదు. అది మీ గొప్పతనమా? కాకపోతే ఇది నా తప్పెలా అయింది?"

చుట్టూ నించున్నవాళ్లు ఒక్కొక్కరే పక్కకు తప్పుకుని దారిచ్చారు.

ఆమె కొడుకును పడవలో ఎక్కించి అవతలి ఒడ్డునున్న వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన బెత్తం తియ్యలేదు. ఎప్పటినుంచి, నిద్ర ఎలా ఉంది, ఏం వినపడుతోంది, అని బుల్లియ్యనే అడిగాడు. మళ్లీ మళ్లీ రమ్మన్నాడు, మళ్లీ మళ్లీ చూశాడు. అప్పుడు చెప్పాడు: "ఇది జబ్బమ్మా. గుండెకు వచ్చినట్టే తలకూ వస్తుంది. నువ్వు తెచ్చింది కాదు, వాడు తెచ్చుకున్నదీ కాదు. పూర్తిగా పోతుందని మాటివ్వలేను. మందు మానకూడదు, నిద్ర చెడకూడదు, పక్కన మనిషుండాలి."

తుఫాను రోజులు వచ్చాయి. బావివాళ్లు వచ్చి తాడడిగారు. "కట్టడానికి నా దగ్గర తాడు లేదు" అంది పోలమ్మ. పశువులవాళ్లు వచ్చారు. "కట్టడానికి నా దగ్గర తాడు లేదు." చివరికి పడవలవాళ్లతో మునసబే వచ్చాడు. గాలి లేస్తోంది, పడవలు పోతే ఊరికి కూడు లేదు.

"మనిషిని ఇంకెప్పుడూ తాడుతో కట్టబోమని నా కొడుక్కి చెప్పండి. నాక్కాదు, వాడికి చెప్పండి."

ఒక్కొక్కరే బుల్లియ్య ముందుకు వచ్చి చెప్పారు. భూతవైద్యుడు చెప్పాడు, ముసలమ్మ చెప్పింది, మునసబు తలవంచుకుని చెప్పాడు. అప్పుడు పోలమ్మ పీచు తీసింది. పడవలు నిలిచాయి.

బుల్లియ్యకు పూర్తిగా నయమైందని నేను చెప్పను. అది అబద్ధం. వాడికి వినపడే మాటలు సన్నగిల్లాయి, కొన్నేళ్లు అసలు వినపడలేదు, మళ్లీ వచ్చాయి. మణికట్ల మీద మచ్చలు మాత్రం పోలేదు. తల్లి పక్కన కూర్చుని పీచు కొట్టేవాడు.

పోలమ్మ చచ్చిపోయింది. పాడె మీద పడుకోబెట్టి, కట్టడానికి ఆమె తాడే తెచ్చారు.

"అమ్మను కట్టకండి" అన్నాడు బుల్లియ్య.

కట్టలేదు. చేతుల మీద మోసుకెళ్లారు.

ఆ ఊళ్లో ఇప్పటికీ శవాన్ని పాడెకు కట్టరు. ఎవరికైనా మనసు చెదిరితే ఇరుగుపొరుగు ఒక తాడుముక్కతో వస్తారు. గడపలో కూర్చుని తలా ఒక పాయ పురి విప్పుతారు, ఆ తరవాతే యోగక్షేమాలు అడుగుతారు. పెళ్లి మాటలకు వచ్చిన చుట్టాలెవరైనా, మీ వంశంలో పిచ్చి ఉందా, ఏ వైపు నుంచి అని అడిగారనుకోండి. ఆ ఇంటి చిన్నపిల్ల లేచి వెళ్లి గుప్పెడు పీచు తెచ్చి వాళ్ల చేతిలో పెడుతుంది.

"ఇందులో ఏ పీచు వల్ల తాడవుతుందో తీసి చూపించండి" అంటుంది.

ఇంతవరకు ఎవరూ తీసి చూపించలేదు.