డేగ మీద కోపం, వంతెన మీద వేటు

నదికి ఇవతల వెదురువనం, అవతల డేగగుట్ట. రెండింటి మధ్యా ఓ తాళ్ల వంతెన. ఆకాశమంతా తనదేనన్నట్టు తిరిగే ఆ గుట్ట మీది డేగని తిట్టని నోరు వెదురువనంలో లేదు. అందరికంటే పెద్ద నోరు నక్క జిత్తయ్యది. సభలో గొంతు చించుకున్న రోజున అతనికి ముందు వరసలో చోటూ, దొన్నెడు తేనే దక్కేవి. ఇంటికెళ్లాక మాత్రం గుమ్మంలో కూర్చుని, గుట్ట మీద తిరిగే బలిసిన కౌజుపిట్టల్ని చూస్తూ లొట్టలేసేవాడు.

ఒకనాడు సభలో లేచి, "పెద్దాయనా! ఆ దొంగ డేగతో మనకి రాకపోకలేంటి? వంతెన నరికేద్దాం!" అన్నాడు.

"నరికేద్దాం!" అని వనమంతా ఊగిపోయింది.

దున్నపోతు ఓర్పయ్య మెల్లిగా నోరు విప్పాడు. "అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తే ఎలా బాబూ? నా దూడలు నాకే ఉప్పుగల్లు ఆ వంతెన మీదుగానే వస్తోంది."

"విన్నారా? వీడు డేగ తొత్తు!" అని జిత్తయ్య అరిచాడు. ఓర్పయ్య తల దించుకున్నాడు.

పెద్దాయన అంటే వనాన్ని ఏలే, నలుపూ తెలుపూ బొచ్చున్న ఎలుగుబంటి. వెదురు నమలడం ఆపి, ముసలి కుందేలు సూరమ్మ వైపు చూశాడు.

"నరకాల్సిందే," అంది సూరమ్మ. "కానీ చాటున తిట్టడం ఏం పౌరుషం? డేగంటే ఒళ్లు మండేవాళ్లు రేపు పొద్దున్నే అవతలికెళ్లి మొహం మీదే తిట్టాలి. వాళ్లు దాటగానే వంతెన నరికేస్తాం. ఇక తిరిగి రావడం ఉండదు మరి!"

జిత్తయ్య గుట్ట వైపు చూసి మూతి తుడుచుకున్నాడు.

తెల్లారేసరికి వంతెన దగ్గర ఇసకేస్తే రాలనంత జనం. అందరికంటే ముందు జిత్తయ్య, పెళ్లాం, నలుగురు పిల్లలు.

"తిట్టడానికి చాపెందుకు జిత్తయ్యా?" అన్నాడు పెద్దాయన.

"తిట్టి తిట్టి అలిసిపోతే నడుం వాల్చొద్దా అండీ?"

"పిల్లలో?"

"ఇప్పట్నుంచే తిట్లు నేర్చుకోవాలి కదండీ."

"మరి ఆ రుబ్బురోలు?"

జిత్తయ్య రుబ్బురోలు మీద తోక కప్పాడు. వెనకున్నవాళ్లు తమ మూటల్ని వీపుల చాటుకి లాక్కున్నారు.

"ఇక్కడే ఉండేదెవరు?" అన్నాడు పెద్దాయన.

"నేనుంటానండి. మడి దున్నాలి," అన్నాడు ఓర్పయ్య.

పెద్దాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "మీకింత ముద్దొచ్చే దారిని నేను నరకలేనురా! వంతెన ఉంటుంది. పాత తాళ్ల బదులు కొత్తవి మాత్రం మూడు నెలల్లో జిత్తయ్యే పేనాలి."

ఆ పూటే జిత్తయ్య వంతెన కింద చాప పరుచుకుని నార పేనడం మొదలెట్టాడు. దూడలు అతని తల మీదుగానే ఉప్పు కోసం వంతెనెక్కి పోయాయి.

నోళ్లు ఏమంటున్నాయో కాదు, కాళ్లు ఎటు లాగుతున్నాయో చూస్తేనే జనం మనసు తెలుస్తుంది.