పన్నెండో నంబరు ఇల్లు

పేర్రాజు మాస్టారికి ఒక అలవాటు ఉండేది. చెడిపోయిన డిస్కుకు ఇమేజ్ తీశాక, అందులోంచి ఒక్క ఫైలైనా బయటికి లాగేముందు, లోపల ఏమేం ఉన్నాయో ఆ జాబితాను మొదటి నుంచి చివరిదాకా పెదవులు కదుపుతూ చదివేవారు. ఇమేజ్ అంటే బొమ్మ కాదు. డిస్కులో ఉన్న సమస్తాన్నీ, మూలల్లో చెత్తతో సహా, ఒకే ఫైలుగా కట్టిన మూట. ఆ మూట విప్పడానికి ఆయన వాడేది మౌసు అక్కర్లేని ఒక చిన్న ప్రోగ్రాం. నల్లటి తెర మీద ఒక వరుస టైపు చేసి ఎంటర్ కొట్టాలి, అంతే. రాజమండ్రిలో ఆయన మేడగదికి నేను తరచు వెళ్ళి కూర్చునేవాణ్ణి. అక్కడి ఫ్యాను బాగా తిరిగేది.

ఒకరోజు శిష్యుడు లోవరాజు విసుక్కున్నాడు. "ఎలాగూ అన్నీ తీస్తాం కదండీ మాస్టారూ! తీశాక చూసుకోవచ్చు. ముందే ఈ పారాయణం ఎందుకండీ?"

మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "రేపు సోడె ముత్తమ్మ పని నువ్వే చెయ్యి. నేను మాట్లాడను" అన్నారు.

ముత్తమ్మది రిజర్వాయరు కింద మునిగిన గూడెం. నీళ్ళు రాకముందు ఆ చుట్టుపక్కల ఇరవై రెండు గూడేల్లో ప్రతి ఇంటినీ ఒక బడిపంతులు ఫొటో తీసి పెట్టాడు. గూడేనికొక ఫోల్డరు, అందులో ఒకటి నుంచి ఇంటికొక నంబరు, ఆ నంబరే ఫొటో పేరు. ఇప్పుడు కొత్త కాలనీ జాబితాలో ముత్తమ్మ పేరు లేదు. తనకు ఇల్లుండేదని రుజువు చూపించాలి. మర్నాడు ఒంటిగంటకు జాబితా మూసేస్తారు. పంతులు డిస్కు, ఇమేజ్ తీయడం పూర్తయిన గంటకే ప్రాణం వదిలింది. ఇక ఉన్నది ఆ మూట ఒక్కటే.

మర్నాడు పదిన్నరకు ముత్తమ్మ, అప్పట్లో పంతులు ఇంటి నంబరు రాసిచ్చిన కాగితం పట్టుకుని వచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. లోవరాజు చకచకా టైపు చేశాడు. ఫోల్డర్లతో సహా తియ్యమనడానికి ఒక ఆజ్ఞ, ఫోల్డర్లు వదిలేసి ఉత్త ఫైళ్ళు కుప్ప పొయ్యమనడానికి ఇంకొకటి ఉంటాయి. వెతుక్కోవడం సులువని అతను రెండోది ఇచ్చాడు. కాసేపటికి తెర ఆగి అడిగింది: ఈ పేరుతో ఇప్పటికే ఒక ఫైలుంది, దాని మీద రాసెయ్యనా? సరేనన్నాడు. మళ్ళీ అదే ప్రశ్న. మళ్ళీ.

"దీని దుంపతెగ, ప్రతిదానికీ అడుగుతుందేంటండీ!" అంటూ లోవరాజు 'అన్నిటికీ సరే' కొట్టేశాడు.

నేను మాస్టారి వైపు చూశాను. ఆయన బల్ల అంచును గట్టిగా పట్టుకుని ఉన్నారు.

పాత మిషను, గంట పట్టింది. అలా ఎదురు చూస్తుంటే నాకు మా కాలేజీ ల్యాబులో పనిచేసిన ఒక డిమాన్‌స్ట్రేటర్ గుర్తొచ్చాడు. సీసా మీద చీటీ చదవడం నామోషీ అనుకుని, వాసన చూసి చెప్పేవాడు. రిటైరయ్యేనాటికి ఆయనకు మల్లెపూవు వాసన కూడా తెలిసేది కాదు. సరే, అది వేరే సంగతి.

పదకొండూ నలభైకి లోవరాజు పన్నెండో నంబరు తెరిచాడు. "ఇదిగోనమ్మా మీ ఇల్లు!"

ముత్తమ్మ దగ్గరికొచ్చి చాలాసేపు చూసింది. "ఇది మాది కాదు బాబూ."

"మీ కాగితంలోనూ పన్నెండే ఉందమ్మా. చాలా ఏళ్ళయింది కదా, మర్చిపోయుంటారు."

"ఇంకో ఆవిడని చూపించి మీ అమ్మంటే ఒప్పుకుంటావా? మా కప్పు మీద ఆనపపాదు ఉండాలి. ఇది ఏటి అవతల గూడెం. ఈ గుమ్మంలో ముసలాయన్ని నేనెరుగుదును."

లోవరాజు గడియారం చూశాడు. కాలనీ జాబితా ఆఫీసుకు ఆటోలో అరగంట. గొంతు తగ్గించి, "మాస్టారండీ, పూరిల్లు పూరిల్లే కదండీ. ఆఫీసరుకేం తెలుస్తుంది? ఇదే ప్రింటు తీసిచ్చేస్తే?" అన్నాడు.

పలికింది ముత్తమ్మ. "అప్పుడా ముసలాయన ఎక్కడుండాలి బాబూ?"

లోవరాజు అప్పుడు మూట జాబితాను తెర మీదికి తెప్పించాడు. మూటలో పన్నెండు వందల పద్నాలుగు ఫొటోలు. అతని కుప్పలో తొంభై ఆరు. ఇరవై రెండు గూడేల పన్నెండో ఇళ్ళూ ఒకదాని మీద ఒకటి పడి, చివరిది ఒక్కటే పైకి తేలింది.

"ముంచేశానండీ" అన్నాడు.

"నీ కుప్పలోనే మునిగాయి. మూటకు నేను తాళం వేశాను, దాన్ని చదవొచ్చుగాని మార్చడానికి వీల్లేదు. ఊరి పేరు వెతుకు" అన్నారు మాస్టారు, పొద్దుటి నుంచి మొదటిసారి నోరు తెరిచి.

లోవరాజు పైకే చదివాడు. చింతగొయ్యి. ఎర్రమెట్ట. కాకులపాడు. ఒక్కో పేరుకీ ముత్తమ్మ తలూపింది, బడిలో హాజరు పలుకుతున్నట్టు. పదిహేడో పేరు జీలుగుమడుగు. "అదే" అంది. ఆ ఒక్క ఫోల్డరునే తియ్యమని ఆజ్ఞ ఇవ్వబోతే తొందరలో రెండుసార్లు తప్పు పడింది. మూడోసారి నిమిషంలో వచ్చింది. కప్పు నిండా ఆనపపాదు. దాని కింద పడుచు ముత్తమ్మ, ఎండకు కళ్ళు చికిలించి.

ప్రింటు చేతికొచ్చేసరికి పన్నెండూ పదిహేను. లోవరాజు ఆవిడతోపాటే మెట్లు దిగి పరిగెత్తాడు.

రెండున్నరకు ఒక్కడే తిరిగొచ్చాడు. ఒంటిగంటకు ఐదు నిమిషాలుండగా కాగితం తీసుకున్నారట, పేరు రాసుకున్నారట. నీళ్ళు తాగి కూర్చుని, "తెలిసిందండీ మాస్టారూ. అది అడిగినప్పుడు ఆగి చదవాలి. నాదే తొందర" అన్నాడు.

మాస్టారు తెర మీద ఇంకా తెరిచే ఉన్న ఆ ముసలాయన ఇంటిని చూస్తున్నారు.

"నీ ఒక్కడిదే కాదురా" అన్నారు. "ఆ నీళ్ళు రాకముందు కూడా, ఎక్కడో ఒక బల్ల ముందు కూర్చుని, ఎవరో అన్నిటికీ సరే అనే ఉంటారు."